మంచుబాటలో నాలుగు చక్రముల బలము

బోరబండలో నివసించువాడు మంచుమీద మోటారు నడుపుటనుగూర్చి ప్రసంగించుట విని శ్రోతలు నవ్వవచ్చును. నవ్వుటకు కారణము లేకపోలేదు. మాకు దగ్గరిదైన బేగంపేటలో 1946వ సంవత్సరము జనవరిలో 6.1 డిగ్రీల సెంటిగ్రేడు నమోదయినది. హైదరాబాదు చలి లెక్కలలో మిక్కిలి తక్కువదిగా దానినే చెప్పుకొందురు. నీరు గడ్డకట్టుటకు ఆ రాత్రి చలి కూడ చాలలేదు. మా వీధులలో మంచుగడ్డ యనగా చెఱకురసపు బండివాడు గోనెసంచిలో చుట్టి తెచ్చునదే.

అయినను ఈ విషయము మాకు దూరపుది కాదు. మా స్టేషనులో ఎంఎంటిఎస్ రైలెక్కి లింగంపల్లివైపు పోయినచో మరుసటి స్టేషనే హైటెక్ సిటీ. 1998లో అచ్చట సైబర్ టవర్స్ తెరచిన నాటినుండి మా పేట పిల్లలకు ఆ దారి కొలువునకు దారి యయినది. కొలువునుండి సముద్రములు దాటు దారియు అయినది. అమెరికావారి కాన్సలేటు సహితము 2023 నుండి నానక్‌రాంగూడలోనే యున్నది. ఆగస్టులో విమానమెక్కిన పిల్లవాడు మొదటి జీతము చేతబడకముందే ఎవరో వాడిన కారొకటి కొనును. నవంబరులోనో డిసెంబరులోనో ఒక ఉదయమున తలుపు తెరచునప్పటికి ఆ కారు తెల్లని గుట్టయై యుండును. వాని చేతిలో మన దేశపు లైసెన్సు, క్రొత్తగా తీసికొన్న ఆ దేశపు లైసెన్సు రెండును ఉండును. రెండు పరీక్షలలోను వానిని ఎవరును మంచుమీద నడిపించి చూడలేదు.

నేను నా కుమారునియొద్ద మిన్నియాపొలిస్ నగరములో కొన్ని శీతకాలములు గడిపితిని. అచ్చట జనవరి నెల సగటు ఉష్ణోగ్రత సున్నకు దాదాపు 9 డిగ్రీలు దిగువ. అక్కడ బండి నడిపి నేర్చినదియు, బడిలో పదార్థవిజ్ఞానము చెప్పిన అలవాటుచేత విచారించి తెలిసికొన్నదియు కలిపి, నాకిచ్చిన ఈ కొద్ది నిమిషములలో విన్నవింతును. మా వీధి కుఱ్ఱవాడొకడు మిషిగన్ రాష్ట్రమునకు బయలుదేరుచు నన్నడిగిన ప్రశ్నయే ఈ ప్రసంగమునకు మూలము. “తాతా, పైకమెక్కువైనా ఆల్ వీల్ డ్రైవ్ కారు కొంటే ఇగ మంచుల భయం లేదు గద?” అని వాడడిగెను. ఈ నమ్మకము వానియొక్కనిదే కాదు. కార్లమ్మువారు ప్రకటనలలో చూపు బొమ్మలన్నియు దీనినే బోధించును. కాని నాలుగు చక్రములకును ఇంజను బలమందుట బండి కదలుటకు పనికివచ్చునేగాని ఆగుటకు పనికిరాదు. మంచులో ప్రాణము పోవుట కదలలేక కాదు, ఆగలేక.

ఇది తెలియవలెనన్న మొదట మంచు సంగతి కొంత తెలియవలెను. మన భాషలో మంచు అన్న మాట ఒక్కటే ఎన్నో పనులు చేయుచున్నది. తెల్లవారుజామున గడ్డిపై నిలుచు బిందువులు మంచే. సంక్రాంతి దినములలో దారి కనబడనీయక క్రమ్ముకొనునదియు మంచే. ఆకాశమునుండి దూదిపింజలవలె రాలునది మంచు, గడ్డకట్టిన నీరు మంచు. అమరకోశములో దీనికి తుహినము, తుషారము మొదలుగా ఏడు పేర్లున్నవి గాని, అవి కవులకు ఛందస్సులో ఒదుగుటకు పనికివచ్చినంతగా డ్రైవరునకు పనికిరావు. డ్రైవరు కాలిక్రింద తెలిసికొనవలసిన భేదములు వేరు. అప్పుడే రాలిన పొడిమంచు ఇసుకవంటిది. చక్రము దానిలో దిగబడును, కాని కొంత పట్టు దొరకును. బండ్లు త్రొక్కగా త్రొక్కగా బిగిసిన మంచు నునుపైన గచ్చువంటిది. పగలు కరిగి రాత్రి మరల గడ్డకట్టినది అద్దము. వీనియన్నింటికంటె చెడ్డది నల్లమంచు. దానిని నల్లమంచు అందురుగాని దానికి రంగు లేదు. పలుచని గాజురేకువలె రోడ్డుకు అంటుకొనియుండుటచే క్రిందనున్న తారు నలుపే కనబడును. తడిసిన రోడ్డని తలచి పోవువానికి అది మంచని తెలియునప్పటికి బండి చేయి దాటిపోవును. ముందుపోవు బండి చక్రములనుండి నీటితుంపురులు లేవవలసినచోట లేవకున్నయెడల, తళతళలాడు ఆ నేల నీరు కాదని గ్రహింపవలెను.

మంచుగడ్డ ఏల జారును? ఒత్తిడిచేత కరిగి జారునని చిరకాలము పుస్తకములలో వ్రాసిరి. కాని మనుష్యుని బరువునకుగాని మోటారు బరువునకుగాని కలుగు ఒత్తిడి, గట్టి చలిలో మంచును కరిగించుటకు చాలదు. మైకేల్ ఫారడే 1850లోనే మంచుగడ్డ పైభాగమున సన్నని నీటిపొర యొకటి సహజముగానే యుండునని ఊహించెను. 1939లో బౌడెన్, హ్యూస్ అను శాస్త్రజ్ఞులు రాపిడివలన పుట్టు వేడిమి మంచును కరిగించుటయు జారుటకు గొప్ప కారణమని ప్రయోగములతో చూపిరి. నేటి శాస్త్రజ్ఞులు మంచుగడ్డ పైవరుస అణువులు లోపలివానివలె గట్టిగా బంధింపబడక, సగము ద్రవమువలె మెలగునని చెప్పుచున్నారు. మనకు కావలసిన ఫలితార్థమొకటి ఇందులో కలదు. ఉష్ణోగ్రత సున్నకు దగ్గరపడిన కొలది ఆ పొర దళసరి యగును, జారుడు హెచ్చును. సున్నకు ఇరువది డిగ్రీల దిగువన గడ్డకట్టిన రోడ్డుకంటె, సున్నయొద్ద తడితో మెఱయు గడ్డయే ఎక్కువ ప్రమాదకరము. ‘ఈ దినము చలి తగ్గినది, హాయిగా పోవచ్చును’ అని మన పిల్లవాడు సంతోషించు దినమే వాడు మెల్లగా పోవలసిన దినము.

చక్రమునకు నేలతోగల పట్టును మన పాత అణాల లెక్కలో చెప్పినచో సులభముగా బోధపడును. బండి బరువు ఒక రూపాయి యనుకొనుడు. పొడిగానున్న మంచి తారురోడ్డుపైన దాదాపు పండ్రెండు పదమూడణాల పట్టు దొరకును. బిగిసిన మంచుపైన నాలుగణాలు. మంచుగడ్డపైన అణాన్నర, అది తడిసియున్నయెడల ఒక్క అణా, లేదా అంతకంటెను తక్కువ. బండి వేగము పెంచుటకు, తగ్గించుటకు, మలుపు తిరుగుటకు ఈ డబ్బునే ఖర్చుపెట్టవలెను. వేఱొక ధనము లేదు. పొడినేలపైన బ్రేకు నొక్కుచు చక్రము త్రిప్పినను, రెండు పనులకును చేతిలో చాలినంత సొమ్ముండును. మంచుగడ్డపైన ఉన్న అణాన్నరను బ్రేకునకు పెట్టినచో మలుపునకు కాసు మిగులదు. స్టీరింగు ఎంత త్రిప్పినను బండి ముక్కుసూటిగానే పోవుట ఇందువలననే.

ఇక ఆగు దూరము లెక్క చూతము. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు బండి బ్రేకు నొక్కినది మొదలు పొడిరోడ్డుపైన 12, 13 మీటర్లలో ఆగగలదు. బిగిసిన మంచుపైన దానికి దాదాపు 40 మీటర్లు కావలెను. మంచుగడ్డపైన 100 మీటర్లు. అనగా క్రికెట్టు ఆటలోని పిచ్ పొడవును అయిదుమార్లు వరుసగా పరచినంత. చూచి, తెలిసి, కాలు బ్రేకు మీదికి పోవు ఒక్క క్షణములో బండి ముందే 14 మీటర్లు పోయియుండును. అది ఈ లెక్కలో చేరలేదు. వేగము రెట్టింపైనచో దూరము నాలుగు రెట్లగును. 30 కిలోమీటర్ల వేగమున మంచుగడ్డపైన 35 మీటర్లు చాలునుగాని, 60కి 140 మీటర్లు దాటును. ఈ లెక్కలో ఎచ్చటను ఇంజను బలము ఎన్ని చక్రములకు పోవుచున్నదన్న ప్రశ్న రాలేదని శ్రోతలు గమనింపవలెను. బ్రేకులు ప్రతి కారునకును నాలుగు చక్రములకున్నవి. చవుకకారునకును నాలుగే, ఖరీదుకారునకును నాలుగే.

మఱి ఆల్ వీల్ డ్రైవు చేయునదేమి? సామాన్యమైన కారులో ఇంజను ముందు చక్రములు రెంటినో, వెనుక చక్రములు రెంటినో త్రిప్పును. తక్కినవి ఎడ్లబండి చక్రములవలె ఊరక దొరలుచు వచ్చును. మలుపులో బయటి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము పోవలసియుండును గనుక రెండింటిని ఒకే ఇరుసునకు బిగించుటకు వీలులేదు. డిఫరెన్షియలు అను పండ్లచక్రముల పెట్టె వానికి వేర్వేరు వేగములతో తిరుగు స్వేచ్ఛ నిచ్చును. ఈ స్వేచ్ఛకు ఒక మూల్యమున్నది. ఒక చక్రము మంచుగడ్డపైన పడినచో అది గిరగిర తిరుగుచుండును, పొడినేలపైనున్న రెండవది కదలక నిలుచును. ఈ కాలపు కార్లలో తిరిగిపోవు చక్రమునకు దానియంతట బ్రేకు వేసి, బలమును రెండవదానికి మరలించు ఏర్పాటున్నదిగాని, రెండు చక్రములును మంచుపైననే యున్నప్పుడు అదియు ఏమి చేయగలదు?

నాలుగు చక్రములకును బలమందించినచో బండి మొత్తము బరువువలన కలుగు పట్టంతయు కదలుటకు ఉపయోగపడును. ముందు చక్రములు మాత్రమే త్రిప్పు కారులో వానిపైన బరువులో దాదాపు ఆరు పాళ్లు మాత్రమే పడునుగదా. కావున మంచుగడ్డపైన అట్టి కారు నూటికి ఆరు మీటర్లు లేచు వాలు ఎక్కగలిగినచో, ఆల్ వీల్ డ్రైవు కారు నూటికి పది మీటర్లు లేచు వాలు ఎక్కును. ఇది చిన్న లాభము కాదు. దిగబడిన చోటనుండి లేచుటకు, గ్యారేజీ ముందటి ఎత్తు ఎక్కుటకు, కూడలిలో పచ్చదీపము పడగానే కదలుటకు దీని మేలు నేను స్వయముగా చూచితిని.

కాని చిక్కు ఇందులోనే యున్నది. నూటికి పది మీటర్ల వాలు ఎక్కిన ఆ బండి, మరల ఆ వాలునే దిగవలెను. దిగునప్పుడు దానిని పట్టి నిలుపుటకు నాలుగు చక్రముల బ్రేకులున్నను ఆ మంచుగడ్డపైన అవి నిలుపగలిగినది సరిగా నూటికి పది మీటర్ల వాలే. దానికి మించి వేగము తగ్గించుటకు కాసైనను మిగులదు. ఒకసారి జారినచో క్రిందికి చేరువఱకు ఆగదు. సామాన్యపు కారు ఆ వాలు ఎక్కనేలేక దిగువనే నిలిచిపోవును. దాని యజమాని చికాకుపడి ఇంటికి నడచిపోవును, అంతే. అంతకంటె సూక్ష్మమైన సంగతి యొకటి కలదు. రెండు చక్రముల బండిలో కొంచెము తొందరపడి కదలినను చక్రము జారి, ‘ఇచ్చట పట్టులేదు’ అని డ్రైవరునకు చెప్పును. నాలుగు చక్రముల బండి జారక హాయిగా కదలిపోవును. ఆ హెచ్చరిక వానికి అందదు. రోడ్డు బాగున్నదనుకొని వేగము పెంచును. రోడ్డు సంగతి వానికి మొదటిసారి తెలియునది బ్రేకు నొక్కినప్పుడు.

మన రథోత్సవములు చూచినవారికి ఇది క్రొత్త కాదు. మోకులు పట్టి లాగువారు రెండువందలమంది బదులు నాలుగువందలమంది యైనచో రథము సులభముగా కదలును. కాని వీధిమలుపున దానిని ఆపువారు మోకువద్దనుండరు. చక్రముల ప్రక్కన చెక్కదిమ్మెలు పట్టుకొని నడచు ఆ నలుగురైదుగురే. లాగువారిని రెట్టింపు చేసి, దిమ్మెలవారిని అట్లే యుంచినందున ఆపుట సులభమగునా?

ఈ యంత్రము చరిత్ర నాలుగు మాటలలో చెప్పుదును. 1903లో హాలండు దేశపు స్పైకర్ కంపెనీవారు చేసిన పందెపుకారులో నాలుగు చక్రములకును ఇంజను బలము, నాలుగింటికిని బ్రేకులు ఉండెను. యుద్ధకాలములో 1941 నుండి జీపు దీనిని లోకమంతట ప్రసిద్ధము చేసినది. ఇంటివాడకపు కార్లలోనికి 1972 ప్రాంతమున జపానువారి సుబారు కంపెనీయు, 1980లో జర్మనీవారి ఆడీ కంపెనీయు దీనిని తెచ్చినవి. సుబారు అనగా జపాను భాషలో మన కృత్తికలే. ఆ కారు ముందుభాగమున నక్షత్రముల గుంపు చూచి మన పిల్లలు ఏమో అనుకొందురు. నేడు అమ్ము కార్లలో అనేకము మామూలుగా ముందు చక్రములతోనే నడచి, జారుడు తెలిసినప్పుడు మాత్రము వెనుకవానికి బలము పంపునవి. కొన్ని ఎల్లప్పుడును నాలుగింటిని త్రిప్పును. జీపులలో మీట లాగి కలుపు పద్ధతి వేఱు. దానిని పొడిరోడ్డుపైన కలిపి మలుపులు తిరిగినచో యంత్రము బిగిసి పాడగును. కొనునప్పుడు ఇందులో ఏ రకమో అడిగి తెలిసికొనుట మంచిది.

ఇప్పుడు అసలైన వస్తువునకు వత్తము. బండికిని భూమికిని మధ్యనున్నది టైరు. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు మన అరచేయియంత. నాలుగు అరచేతులమీద కుటుంబమంతయు పోవుచున్నది. మామూలు టైరు రబ్బరు చలికి బిగిసి చెక్కవలె నగును. చలికాలపు టైరు వేఱు రబ్బరుతో చేయబడి గడ్డచలిలోను మెత్తగా నుండును. దాని పట్టీలలో వేలకొలది సన్నని గాట్లుండును. లోతైన గాళ్లలో మంచు ఇఱుకుకొనుట దానికి దోషము కాదు, గుణము. మంచునకు మంచే బాగుగా పట్టుకొనును, పిల్లలు మంచును పిడికిట బిగించి ఉండలు చేయునట్లు. ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగినప్పటినుండియే ఈ టైర్లు వేయుడని తయారుచేయువారు చెప్పుదురు. హైదరాబాదు చరిత్రలోని మిక్కిలి చలిరాత్రి వారికి టైర్లు మార్చు రాత్రి యన్నమాట.

టైరు ప్రక్కభాగమున మూడు శిఖరముల కొండబొమ్మ, అందులో మంచుపువ్వు ముద్రింపబడియున్నచో అది మంచులో పరీక్షకు నిలిచిన టైరని గుర్తు. ‘ఎమ్’, ‘ఎస్’ అను అక్షరములు మాత్రమే యున్నచో గాళ్ల ఆకారమునుబట్టి తయారుచేయువారు పెట్టుకొన్న పేరు; దానిని నమ్మి గట్టి చలిదేశమునకు పోరాదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రములో డిసెంబరు 1 నుండి మార్చి 15 వఱకు చలికాలపు టైర్లు చట్టప్రకారము వేయవలసినదే. మిన్నెసోటాలో అట్టి నిర్బంధము లేదు గనుక వివేకమే చట్టము. మంచి చలికాలపు టైర్లు వేసిన రెండు చక్రముల కారు, మామూలు టైర్లపైన నడచు ఆల్ వీల్ డ్రైవు కారుకంటె ముందుగా ఆగును. మలుపులోను అదియే నిలుచును. మా వీధి కుఱ్ఱవానికి నేను చెప్పినది ఇదే: చేతిలో డబ్బు ఒకదానికే చాలినచో టైర్లు కొనుము, రెంటికిని చాలినచో రెండును కొనుము.

పాత ఆల్ వీల్ డ్రైవు కారు కొనువారు మఱియొకటి చూచుకొనవలెను. నాలుగు టైర్లును ఒకే రకము, ఒకే అరుగుదల గలవిగా నుండవలెను. రెండు క్రొత్తవి, రెండు అరిగినవి వేసినచో వాని చుట్టుకొలతలు భేదించి, మధ్యనున్న యంత్రము ఎడతెగక రాచుకొని చెడును. మనవారు పొదుపునకై రెండేసి టైర్లు మార్చు అలవాటు ఇచ్చట చెల్లదు. మన దేశములో 1.6 మిల్లీమీటర్ల గాడి మిగిలియున్నంతవఱకు టైరు చట్టసమ్మతమే. మంచులో 4 మిల్లీమీటర్లకు దిగినది పనికిరాదు. చలికి టైరులో గాలియు క్రుంగును. ఇరువది డిగ్రీలు పడిపోయినచో మూడు నాలుగు పౌండ్లు తగ్గును.

మంచు విరివిగా పడు చోటులకే ఈ మాటలని తలపవలదు. టెక్సాసు రాష్ట్రములో డల్లాసు చుట్టుప్రక్కల మనవారు వేలకొలదిగా కాపురమున్నారు. అది ఎండల దేశము. చలికాలపు టైరు అచ్చట ఎవరును కొనరు. 2021 ఫిబ్రవరి 11న తెల్లవారుజామున, డల్లాసు ప్రక్కనున్న ఫోర్ట్ వర్త్ నగరములో నేలకు ఎత్తుగా కట్టిన వేగపు త్రోవపైన సన్నని వాన పడి పడగానే గడ్డకట్టెను. వచ్చిన బండి వచ్చినట్లు ఆగలేక ముందుదానిని ఢీకొనుచుండగా 130కి పైగా వాహనములు ఒకదానిపై నొకటి పడెను; ఆరుగురు చనిపోయిరి. వంతెనవంటి కట్టడమునకు పైనను క్రిందను గాలి తగులుచుండును. నేలలోని వెచ్చదనము దానికి అందదు. కావున రోడ్డింకను తడిగానున్నప్పుడే వంతెన గడ్డకట్టును. ఏడాదికొకసారి మంచుపడు ఊరిలో జనులు అలవాటు లేనివారు. ఉప్పు చల్లు బండ్లును తక్కువ. మిన్నియాపొలిస్‌కంటె డల్లాసులో మనవారికి ఈ భయము తక్కువకాదనుట నా అభిప్రాయము. ఉప్పు చల్లినను, సున్నకు 9 డిగ్రీల దిగువకు పోయిన పిదప మామూలు ఉప్పునకు మంచును కరిగించు శక్తి క్షీణించునని కూడ తెలిసియుండవలెను.

ఇక నడుపు విధము. మొదట బండి అద్దములపైన, దీపములపైన, కప్పుపైన నున్న మంచు పూర్తిగా తుడువవలెను. కప్పుపైన వదలిన మంచు, బ్రేకు నొక్కగానే ముందటి అద్దముపైకి జారి కన్నులు మూసివేయును. కదలునప్పుడు కాలిక్రింద కోడిగ్రుడ్డున్నట్లు నొక్కవలెను. ముందు బండికి మీకును నడుమ ఎనిమిది పది క్షణముల దూరము కావలెను. మన నగరములో అంత ఎడమిచ్చినచో మూడు ఆటోలు దూరునని మీరందురు, నిజమే. కాని ఆ అలవాటును విమానములో ఎక్కించుకొని పోరాదు. హారను మోతకు మంచు కరగదు.

మలుపునకు ముందే, బండి నిటారుగా పోవుచున్నప్పుడే వేగము తగ్గించి, తరువాత బ్రేకు వదలి, మెల్లగా తిరుగవలెను. అణాన్నరను ఒకసారి ఒక పనికే ఖర్చుచేయు ఉపాయమిది. తిరుగవలసిన బండి తిరుగక సూటిగా పోవుచున్నచో, స్టీరింగు ఇంకను త్రిప్పుట సహజముగా తోచును, అది పనికిరాదు. కాలు తీసి, స్టీరింగు కొంచెము వెనుకకు తెచ్చినచో చక్రములకు పట్టు మరల దొరకును. వెనుకభాగము ప్రక్కకు జారినచో మీరు పోదలచిన వైపు చూచి ఆ వైపునకే త్రిప్పవలెను. చెట్టును చూచినవాడు చెట్టుకే పోవును. ఏబీఎస్ అను ఏర్పాటున్న కారులో బ్రేకు గట్టిగా నొక్కగానే పాదము క్రింద గడగడ కొట్టుకొనును. క్రొత్తవారు అది చెడినదేమో యని బెదరి కాలు తీయుదురు. తీయరాదు, అది తన పని చేయుచున్న చప్పుడు. వేగమును తానే నిలుపు క్రూయిజ్ కంట్రోలును మంచులో వాడరాదు.

బోరబండ ఎత్తుపల్లములలో గేరు బండి నేర్చినవారికి ఒక మేలున్నది. వాలు దిగునప్పుడు చిన్న గేరులో వేసి ఇంజనుచేత బండిని పట్టించుట వారికి చేతనగును. మంచువాలునందు అదియే కావలసినది. బ్రేకువలె చక్రమును ఒక్కసారిగా బిగింపక మెల్లగా ఆపుకొనుచు వచ్చును. గేరు బండి ఎఱుగని ఆ దేశపు పిల్లలకు ఇది క్రొత్తగా నేర్పవలెను. బ్యాటరీ కార్లలో కాలు తీయగానే బండి దానియంతట గట్టిగా వేగము తగ్గును. మంచుగడ్డపైన ఆ పట్టు సహితము చక్రమును జారవేయగలదు గనుక దానిని తగ్గించి పెట్టుకొనవలెను. ఇవియన్నియు మొదటి మంచుపడిన దినమున, సెలవుదినమైన దుకాణమో బడియో గల ఖాళీ మైదానములో, గంటకు ఇరువది కిలోమీటర్ల వేగమున, అనుమతి తీసికొని, ఒక గంటసేపు అభ్యసించుట నూఱు ప్రసంగములకంటె మేలు. బ్రేకు నొక్కి ఎంత దూరము పోవునో కన్నులార చూచినవాడు మరల మఱువడు.

సముద్రము దాటనివారికిని ఒక మాట. 2020 అక్టోబరు 3న హిమాచలప్రదేశములో 9 కిలోమీటర్ల అటల్ సొరంగము తెరచిన తరువాత, శీతకాలమున మంచు చూచుటకు మనాలికి పోవు హైదరాబాదువారు పెరిగిరి. కొందఱు ఇచ్చటినుండి స్వంత కారులోనే పోవుచున్నారు. మంచు ఎక్కువైనప్పుడు అచ్చటి పోలీసువారు సోలాంగు దాటి నాలుగు చక్రముల బలముగల బండ్లను, గొలుసులు కట్టిన బండ్లను మాత్రమే పోనిత్తురు. ఎత్తైన కారు కొన్నాము గదా యని మనవారు వాదింతురు. మన నగరపు దుకాణములలో నిలబెట్టిన ఎత్తైన కార్లలో పెక్కు ముందు చక్రములు మాత్రమే త్రిప్పునవి. ఎత్తు చూచి బలమెంచరాదు. గొలుసులు కట్టినచో, ఇంజను త్రిప్పు చక్రములకే కట్టవలెను. గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. పొడిరోడ్డు రాగానే విప్పవలెను. అక్కడి స్థానిక డ్రైవరు ‘ఈ దినము వద్దు’ అన్నచో వాని మాట వినుట శాస్త్రము వినుటయే.

దారిలో చిక్కుకొన్నవారు చేయవలసినది చెప్పి ముగింతును. బండిలో కంబళి, చిన్న పార, నీరు, తినుబండారము, సంచెడు ఇసుక ఉండవలెను. చక్రము తిరిగిపోవుచున్నచోట ఎంత నొక్కినను గొయ్యి లోతగునేగాని బండి కదలదు. ఇసుక చల్లి, ముందునకు వెనుకకు మెల్లగా ఊపి లేపవలెను. అప్పటికిని లేవకున్నచో బండి వదలి మంచులో నడచిపోరాదు; వెదకువారికి మనిషికంటె బండి త్వరగా కనబడును. వెచ్చదనమునకై ఇంజను నడుపుటకు ముందు, దిగి వెనుకకు పోయి, పొగగొట్టము చుట్టునున్న మంచును పారతో తీసివేయవలెను. గొట్టము మూసికొనిపోయినచో వాసనలేని విషవాయువు లోపలికి వచ్చి కూర్చున్నవారిని కూర్చున్నట్లే చంపును. గంటకు పది నిమిషములు మాత్రము ఇంజను నడిపి, గాలి వీచని వైపున అద్దము వ్రేలెడు దించి, మంచు ఇంకను పడుచున్నచో ప్రతిసారియు ఇంజను వేయుటకు ముందు మరల దిగి ఆ గొట్టమును చూచుకొనవలెను.